ధ్యానానికి పన్నెండు మంది

చింతలంక ఉపదేశి ఏసోబు ఆ వారమంతా నేల మీద నడిస్తే ఒట్టు. రెండు వేల ఎనిమిది, ఫిబ్రవరి నెల, విభూది బుధవారం వెళ్ళి పది రోజులైంది. ఆయన కూతురు జ్యోత్స్న ధ్యానానికి ఎంపికైంది మరి! జపమాల మాత బళ్ళో ఏడో తరగతి పిల్లలు నలభై ఒక్క మంది ఉంటే, హెడ్మిస్ట్రెస్ సిస్టర్ అనస్తాసియా గారు ఏరి ఏరి పన్నెండు పేర్లు రాశారు. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల తపస్సు కాలం కాబట్టి తాడేపల్లిగూడెం ధ్యాన మందిరంలో ఒక రోజు ప్రార్థన అన్నారు. తీసుకెళ్ళి తీసుకొచ్చే బాధ్యత ఏసోబుదే అన్నారు. ఇంకేం కావాలి ఆ మనిషికి?

ఇల్లిల్లూ తిరిగాడు. కొల్లేటి గట్టు మీద వలలు ఆరబెట్టుకునే వాళ్ళకి చెప్పాడు. గుడి ముందు రేవులో చెప్పాడు. చివరికి శ్రీరంగనాయకులు గారి కిరాణా కొట్టు ముందు నిలబడి, పప్పు కొనడం మర్చిపోయి మరీ చెప్పాడు.

"పన్నెండు మందండి, గమనించారా? ప్రభువు ఏరుకున్నదీ పన్నెండు మందినేనండి!"

"అందులో ఒకడు తేడా చేశాడంటారు కదయ్యా మీవాళ్ళు," అన్నారు శ్రీరంగనాయకులు గారు త్రాసు దులుపుతూ. "అది సరేగాని, మా మనవరాలు మనోజ్ఞ పేరు కూడా రాశారట. వెంకటేశ్వరస్వామి పటం ముందు దీపం పెట్టే పిల్లకి మీ ధ్యానమేంటయ్యా?"

"పిలుపండి! ఎవరికి ఎప్పుడొస్తుందో మనం చెప్పలేమండి!"

ఎంత అమాయకుడంటే, అక్కడికక్కడే ఆయనకి అనుమానం రావాల్సింది, రాలేదు. హిందువుల పిల్లని ఏరుకొని మరీ తపస్సు కాలం ధ్యానానికి పంపే సిస్టర్ని ఈ జిల్లాలో ఎక్కడన్నా చూశామా? ఏసోబు భార్య ఎలిజబెత్‌కి మాత్రం అనుమానం వచ్చింది. "ఆవిడ మన పిల్లని ఏనాడన్నా పేరు పెట్టి పిలిచిందా? ఇప్పుడేంటి ఇంత ప్రేమ కారిపోతోంది?" అంది. "నోరు ముయ్యి, పాపం తగులుతుంది," అన్నాడు ఏసోబు.

ఉపదేశి అంటే ఫాదర్ గారు లేని రోజున గుడికి దిక్కు. గంట కొట్టాలి, పిల్లలకి జపాలు నేర్పాలి, పోయినవాళ్ళకి సమాధి దగ్గర ప్రార్థన చెప్పాలి, ఆదివారం పూజలో చదవాలి. మైకు లేకుండా చదివినా ఆయన గొంతు కొల్లేటి దాకా వినపడేది. అంత గొంతున్నవాడు ఇరవై రెండేళ్ళలో పెద్దల ముందు "ఆయ్, అలాగేనండి" అన్న ముక్క తప్ప ఇంకోటి అనలేదు. సిస్టర్ అనస్తాసియా గారికి పని ఉన్నరోజు ఆయన "ఏసోబు గారూ", పని లేనిరోజు "ఏమయ్యా". రెండిటికీ ఒకేలా చేతులు కట్టుకునేవాడు.

జ్యోత్స్న ఒకసారి మాత్రం అంది. "నేను వెళ్ళను నాన్నా."

"తప్పమ్మా. ఎంతమందికి వస్తుంది ఆ అదృష్టం?"

పిల్ల గోడకి తిరిగి కూచుని జడ విప్పుకుంది.

ఇప్పుడు ఆ దిక్కుమాలిన కామన్ టెస్ట్ సంగతి చెప్పాలి. మేత్రాసనం కింద, అంటే ఏలూరు బిషప్ గారి కింద ఉన్న బళ్ళన్నిటికీ ఏటా ఒకే రోజున, ఒకే గంటలో, ఒకే పేపరు. వంద ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకి నాలుగు సున్నాలుంటాయి, సరైన సున్నాని పెన్నుతో నల్లగా నింపాలి. రాసినవాళ్ళ మార్కులన్నీ కూడి, రాసినవాళ్ళ తలలతో భాగించి, బళ్ళకి ర్యాంకులు వేస్తారు. మొదటి బడికి అద్దంలా మెరిసే షీల్డు. సరే, షీల్డు సిస్టర్లకి, మరి పిల్లలకో? ఏలూరు హైస్కూల్లో ఎనిమిదో తరగతికి దరఖాస్తు పెట్టాలంటే ఆ టెస్టులో ముప్పై అయిదు మార్కులైనా ఉండాలి. చింతలంక బడి ఏడుతో ఆఖరు. ఏడు దాటి ఏలూరు వెళ్ళలేని ఆడపిల్లకి చింతలంకలో ఉన్నది రొయ్యల షెడ్డు ఒక్కటే. ఎలిజబెత్ అక్కడే తొమ్మిదేళ్ళుగా రొయ్యల తలలు తీస్తోంది. ఐసు నీళ్ళలో నాని నాని ఆవిడ వేళ్ళు అన్నం కలుపుకుంటే మండుతాయి. జ్యోత్స్న ఆ షెడ్డు మెట్లెక్కకూడదు. ఆ ఇంట్లో ఉన్న కోరికల్లా అదొక్కటే.

టెస్ట్ ఇరవై తొమ్మిదో తారీఖని సిస్టర్ గారు ఏసోబుతో చెప్పారు. ధ్యానం ఇరవై రెండున. వారం ముందు ప్రార్థన చేసుకొస్తే పిల్లకి బుద్ధి వికసిస్తుందని కూడా ఆవిడే అన్నారు. "ఆయ్," అన్నాడు ఏసోబు.

శుక్రవారం తెల్లవారుతూనే పన్నెండు మందినీ పాపారావు ఆటోలో కుక్కి ఏలూరు, అక్కడ్నించి బస్సులో ఉంగుటూరు మీదుగా గూడెం చేర్చాడు. దారంతా పాటలు పాడించాడు. పిల్లలు పాడారు గాని, పండక్కి పాడినట్టు పాడలేదు. తొమ్మిదయ్యేసరికి ధ్యాన మందిరం ముందున్నారు. గేటుకి తాళం. గేటు కాపలా సుందరరావు వేపపుల్ల నములుతూ వచ్చాడు.

"ఇవాళ ధ్యానమేంటండి బాబూ? ఎవరు చెప్పారు? సిస్టర్లందరూ కామన్ టెస్ట్ డ్యూటీలకి పోతే!"

"టెస్ట్ ఇరవై తొమ్మిదిన కదండీ?"

"ఇవాళేనండి. పదింటికి. అన్ని బళ్ళకీ ఇవాళే."

ఏసోబుకి అర్థం కాలేదు. అర్థం కాకపోవడం కాదు, అర్థం చేసుకోవడానికి మనసొప్పలేదు. ఎదురుగా బడ్డీకొట్టులో ఉన్న రూపాయి ఫోన్లో సిస్టర్ గారికి చేశాడు.

"చేరారా ఏసోబు గారూ? మంచిది. గేటు బయట నీడ ఉంటుంది. కూర్చోబెట్టి జపమాల చెప్పించండి. సాయంత్రం నాలుగు దాటాక బయల్దేరండి. ముందు మాత్రం తీసుకురాకండి."

"అమ్మగారూ, పరీక్ష ఇవాళంటండి…"

"వీళ్ళకి తర్వాత విడిగా పెడతాంలే."

"విడిగా ఎప్పుడండి?"

"ఏమయ్యా, ఎదురు ప్రశ్నలు నేర్చావే!" అని ఫోను పెట్టేశారు.

వెనక్కి తిరిగేసరికి శ్రీరంగనాయకులు గారి మనవరాలు మనోజ్ఞ నిలబడి ఉంది. నోట్లో మాట దాచుకోవడం తెలియని పిల్ల. "మాస్టారూ, నాకు జపమాల రాదండి. నేను లెక్కల్లో తప్పానండి. అందుకే నా పేరు రాశారు. ఏసుకుమార్ సైన్సులో తప్పాడు. మాది మొద్దుల లిస్టండి. క్లాసులో అందరికీ తెలుసు."

ఏసోబు మొహాన కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. కూతురి వంక చూశాడు. "నీకూ తెలుసా అమ్మా?"

జ్యోత్స్న తల ఊపింది.

"మరి చెప్పలేదేం?"

"ఊరంతా చెప్పుకొచ్చావు కదా నాన్నా."

ఇంతే అంది. పిల్లకి జాండీస్ వచ్చి అర్ధ సంవత్సర పరీక్షలు సరిగ్గా రాయలేక రెండింట్లో తప్పింది. అది ఆయనకీ తెలుసు, సిస్టర్ గారికీ తెలుసు. తెలిసే రాసింది పేరు! మొద్దులు లేకపోతే బడి సగటు పైకి పోతుంది, రాని పిల్లని సున్నాగా కూడా లెక్కెయ్యరు, తలే లేనట్టు తీసేస్తారు. దానికి దేవుణ్ణి అడ్డం పెట్టింది. జపమాలని అడ్డం పెట్టింది. ఏసోబుని అడ్డం పెట్టింది. పన్నెండు మంది శిష్యులంట! సిగ్గుతో చచ్చిపోయాడు మనిషి.

టైము తొమ్మిదిన్నర. చింతలంక వెళ్ళాలంటే రెండు గంటలు పైమాట. "గూడెంలో మన కాన్వెంట్ బడి ఉందంటగా, అక్కడా ఇదే పేపరు కదమ్మా?" అన్నాడు. అని, సమాధానం వినకుండా నడవడం మొదలెట్టాడు. పన్నెండు మందీ వెనకాల పరిగెత్తారు.

ఆ కాన్వెంట్ గేట్లోకి వెళ్ళేసరికి పేపర్లు పంచబోతున్నారు. వరండాలో స్టెల్లా టీచర్ అడ్డం వచ్చింది. చిన్నపిల్ల, ఇరవై అయిదేళ్ళుంటాయేమో.

"ఎవరండీ మీరు?"

"చింతలంక బడి పిల్లలండి. కోడ్ ఇరవై ఏడండి. మా దగ్గర బెంచీలు చాలక ఇక్కడ రాయించమన్నారండి." తపస్సు కాలం శుక్రవారం పూట, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఉపదేశి ఏసోబు అబద్ధమాడాడు.

ఆవిడ పిల్లల్ని చూసింది. చెమటలు, దుమ్ము కాళ్ళు, ఒక్కడి జేబులోనూ పెన్ను లేదు. పరీక్ష రాయడానికొచ్చే పిల్లలు ఇలా వస్తారా? ఆవిడకి తెలిసిపోయింది. గొంతు తగ్గించి అంది. "మా బళ్ళో పదిహేను మందికి ఇవాళ పొద్దున్నే జ్వరాలొచ్చాయండి. నిన్న సాయంత్రమే హెడ్మిస్ట్రెస్ గారు చెప్పారు, ఎవరెవరికి జ్వరం రావాలో. పదిహేను పేపర్లు ఊరికే ఉన్నాయి. కూర్చోమనండి బేగా."

అదండీ సంగతి! ఒకచోట ధ్యానం, ఒకచోట జ్వరం. ఇంకోచోట ఇంకేం పేరు పెట్టారో ఆ పరమాత్ముడికే తెలియాలి.

జ్వరాలొచ్చిన పిల్లల బెంచీల్లో చింతలంక పిల్లలు కూర్చున్నారు. స్టెల్లా టీచర్ స్టాఫ్ రూమ్‌లోంచి దొరికిన పెన్నులన్నీ తెచ్చి పంచింది. ఏసోబు రెండు గంటలూ వరండాలో నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. కిటికీలోంచి జ్యోత్స్న జడ కనబడుతోంది. పిల్ల ఒక్కో సున్నా నింపుతుంటే ఆయన పెదాలు కదిలాయి. ఆరోజు గూడెంలో ధ్యానం చేసినవాడంటూ ఉంటే ఆయనొక్కడే.

పరీక్షయ్యాక పన్నెండు షీట్లూ స్టెల్లా టీచర్ ఒక బ్రౌన్ కవర్లో పెట్టి, లక్క వేసి, మీద 'కోడ్ 27, పన్నెండు షీట్లు' అని రాసి సంతకం పెట్టింది. "మా బండిల్ మా హెడ్మిస్ట్రెస్ గారు సీలు చేసేశారు, ఇందులో కలపనివ్వరు. మీరు ఏలూరు మీదుగానే వెళ్తారు కదండీ. బస్టాండు వెనకే ఆఫీసు. మీరే స్వయంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంకెవరి చేతికీ ఇవ్వకండి. ఇంకెవరి చేతికీ అంటే ఇంకెవరి చేతికీ."

ఇంతకంటే విడమర్చి ఎవరు చెబుతారండీ!

ఏలూరు బస్టాండులో దిగారు. జ్యోత్స్న తండ్రి చొక్కా పట్టుకుంది. "ఆఫీసు అదే నాన్నా, ఆ పచ్చ గేటు. ఇచ్చేసి వద్దాం."

ఏసోబు పచ్చ గేటు వంక చూశాడు. లోపల కార్లున్నాయి. ఫాదర్లు అటూ ఇటూ నడుస్తున్నారు. సిస్టర్ గారి సంతకం లేకుండా, ఆవిడకి చెప్పకుండా, తను, చింతలంక ఉపదేశి, నేరుగా అక్కడికెళ్ళడమా? పెద్దవాళ్ళ చేతి మీదుగా వెళ్ళాల్సింది పెద్దవాళ్ళ చేతి మీదుగానే వెళ్ళాలి. ఇరవై రెండేళ్ళ అలవాటు మెడ వంచింది.

"తప్పమ్మా. సిస్టరమ్మ గారికిద్దాం. లక్క వేసుంది కదా, ఆవిడేం చేస్తారు?"

"నాన్నా!"

"రాసిన పేపరు చూశాక ఆవిడకే మనసు కరుగుతుందమ్మా."

ఒరే నాయనా! పొద్దున పడ్డ దెబ్బ సాయంత్రానికి మర్చిపోయేవాణ్ణి ఏమనాలి? సిస్టర్ అనస్తాసియా గారు కవరు తీసుకున్నారు, అటూ ఇటూ తిప్పి చూశారు, నవ్వారు. "మంచి పని చేశారు ఏసోబు గారూ. పిల్లలకి భోజనం పెట్టించారా?" అన్నారు. గారూ అన్నారు చూడండి, అప్పుడైనా ఒళ్ళు జలదరించొద్దూ? ఏసోబు చేతులు జోడించి ఇంటికొచ్చాడు. జ్యోత్స్న ఆ రాత్రి తండ్రి పక్కన కూర్చుని తినలేదు.

ఈస్టర్ వెళ్ళాక ఫలితాలొచ్చాయి. మేత్రాసనంలో చింతలంక ఫస్టు! బడి గోడకి అంటించిన కాగితంలో ఇరవై తొమ్మిది పేర్ల పక్కన మార్కులున్నాయి. పన్నెండు పేర్ల పక్కన ఏబీ, ఏబీ, ఏబీ. అంటే ఆబ్సెంట్. ఏసోబు కాగితం మీద వేలు పెట్టి మూడుసార్లు చదివాడు. బి. జ్యోత్స్న, ఏబీ.

ఆఫీసు రూములోకి వెళ్ళాడు. చెప్పులు బయటే విప్పాడు, పాపం.

"అమ్మగారూ, పిల్లలు రాశారు కదండీ. కవరిచ్చాను కదండీ."

"ఏ కవరయ్యా?"

"లక్క వేసిన కవరండి. తమరి చేతికే ఇచ్చానండి."

"వేరే సెంటర్లో రాసినవి చెల్లవు. నువ్వసలు ఎవర్నడిగి రాయించావు? నేను ధ్యానానికి పంపితే పిల్లల్ని ఊరంతా తిప్పావని ఫాదర్ గారికి రాస్తే నీ ఉపదేశి పని ఏమవుతుందో తెలుసా?"

"మా పిల్లకి ఎనిమిదో తరగతండి…"

"నీ పిల్ల రాసి మాత్రం ఏం పొడిచేదయ్యా? పదో, పదిహేనో వస్తాయి. షెడ్డులో మీ ఆవిడ లేదూ?" ఆవిడ గాడ్రెజ్ బీరువాకి తాళం వేసి, తాళాలగుత్తి నడుముకి దోపుకున్నారు. ఆ బీరువా వంక ఒక్క క్షణం చూపు పోయింది ఆవిడకి. ఏసోబు అది పట్టుకున్నాడు. తర్వాత గొంతు మళ్ళీ తేనె పూసుకుంది. "అన్నట్టు ఏసోబు గారూ, ఆదివారం ఏలూరు నుంచి విద్యాశాఖ ఫాదర్ గారు షీల్డు తీసుకొస్తున్నారు. కృతజ్ఞతా పూజ. విశ్వాసుల ప్రార్థన మీరే చదవాలి. మీ గొంతు బావుంటుంది. ఇదిగో, రాసిచ్చాను."

ఏసోబు కాగితం తీసుకున్నాడు. "ఆయ్," అన్నాడు. కానీ ఈసారి ఆయన ఒళ్ళు మండిపోతోంది. షెడ్డులో మీ ఆవిడ లేదూ అన్న మాట ఎముకల్లోకి దిగింది. బయటికొచ్చి చెప్పులు వేసుకుని, మళ్ళీ గోడ దగ్గరికెళ్ళి పన్నెండు పేర్లూ, ఇంటిపేరు మొదటి అక్షరాలతో సహా, సిస్టర్ గారిచ్చిన కాగితం వెనకాల రాసుకున్నాడు.

ఆదివారం గుడి కిటకిటలాడింది. షీల్డు పీఠం పక్కన బల్ల మీద మెరుస్తోంది. పిల్లలందరూ యూనిఫాంలో రావాలని సిస్టర్ గారి ఆర్డరు, అంచేత మనోజ్ఞ కూడా ముందు చాపల మీదే ఉంది. వెనకాల అతిథుల కుర్చీల్లో శ్రీరంగనాయకులు గారున్నారు. ఏలూరు ఫాదర్ గారు ప్రసంగంలో చింతలంకని చూసి మిగతా బళ్ళు నేర్చుకోవాలన్నారు. సిస్టర్ అనస్తాసియా గారు వినయంగా తల దించుకున్నారు.

విశ్వాసుల ప్రార్థనకి ఏసోబు మైకు దగ్గరికొచ్చాడు. ఆ ప్రార్థన అందరికీ తెలిసిందే. ఆయన ఒక మనవి చదువుతాడు, జనం "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అంటారు. రోములో ఉండే పాపు గారి కోసం చదివాడు. అన్నారు. వర్షాల కోసం చదివాడు. అన్నారు. తర్వాత షీల్డుకి కృతజ్ఞత చదవాలి. ఏసోబు కాగితం వెనక్కి తిప్పాడు.

"పరీక్ష రాసినా రాయలేదని గోడ మీద పెట్టిన పిల్లల కోసం ప్రార్థిద్దాం. కె. ఏసుకుమార్."

జనం అలవాటు మీద, ఏం విన్నామో ఆలోచించకుండా, "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అనేశారు. ఏటా నవంబరులో మృతుల పండగనాడు చనిపోయినవాళ్ళ పేర్లు చదివేదీ ఏసోబే, ఇదే గొంతుతో. ఏసుకుమార్ తల్లి ఉలిక్కిపడి కొడుకుని పట్టుకుంది.

"వి. మనోజ్ఞ."

మనోజ్ఞకి గుడి పద్ధతులేం తెలుసు? ఇంటిపేరు అక్షరంతో పేరు వినపడిందంటే హాజరే ఆ పిల్లకి. టక్కున లేచి నిలబడింది.

"ప్రెజెంట్ సార్!"

వెనకాల ఎవరో నవ్వారు. ఏసోబు నవ్వలేదు. మైకు పక్కకి నెట్టేశాడు. ఇంక ఆ గొంతుకి మైకెందుకు? మూడో పేరు చదివాడు. ఆ పిల్లవాడు మనోజ్ఞ వంక చూసి, సిస్టర్ గారి వంక చూసి, లేచాడు. "ప్రెజెంట్ సార్." నాలుగో పేరు. "ప్రెజెంట్ సార్." ఏసుకుమార్ కూడా తల్లి చెయ్యి విదిలించుకుని లేచి, తన వంతు అయిపోయిందని తెలిసీ అరిచాడు. అయిదు, ఆరు, ఏడు. జనం ఆలకించండి అనడం మానేశారు. గుడిలో పిల్లల గొంతులు తప్ప ఇంకేం లేవు. సిస్టర్ అనస్తాసియా గారు లేచి, "ఏసోబూ, చాలించు," అన్నారు. ఎనిమిదో పేరు చదివాడు. తొమ్మిది. పది. పదకొండు.

"బి. జ్యోత్స్న."

జవాబు లేదు. ఏసోబు తల ఎత్తలేకపోయాడు. రెండుసార్లు అమ్మేసిన తండ్రి పిలిస్తే పిల్లెందుకు పలుకుతుంది? పొగిడి ఒకసారి, భయపడి ఒకసారి.

"ప్రెజెంట్ సార్," అంది జ్యోత్స్న. ఎప్పుడు లేచిందో గాని నిలబడే ఉంది. "మా షీట్లు సిస్టర్ గారి బీరువాలో ఉన్నాయి సార్. నాన్న ఇస్తే సిస్టర్ గారు అందులో పెట్టడం నేను చూశాను."

మూడు వందల మంది సిస్టర్ గారి నడుముకున్న తాళాలగుత్తి వంక చూశారు.

ఏలూరు ఫాదర్ గారు అంత న్యాయమూర్తేం కాదు. ఊరంతా కదలకుండా కూర్చుంటే, వెనకాల శ్రీరంగనాయకులు గారు "తాళం తీయించండి ఫాదర్ గారూ, మా మనవరాలి కాగితం కూడా ఉందందులో," అని లేచి నిలబడితే, ఇంకేం చేస్తారు? పూజ అయ్యాక బీరువా తెరిచారు. కవరు అక్కడే ఉంది. లక్క కూడా ఊడలేదు. కనీసం విప్పి చూడాలని కూడా అనిపించలేదండీ ఆవిడకి!

పది రోజులకి దిద్దిన మార్కులొచ్చాయి. చింతలంక బడి మొదటి స్థానం నుంచి పద్నాలుగుకి దిగింది. షీల్డు గుడ్డలో చుట్టి వెనక్కి తీసుకుపోయారు. అది ఎవరికిచ్చారో, ఆ బళ్ళో ఎన్ని జ్వరాలొచ్చాయో ఎవరూ అడగలేదు. సిస్టర్ అనస్తాసియా గారి సీటు సిస్టర్ గారిదే, ఎక్కడికీ కదల్లేదు. ఏసోబుకి మాత్రం మే నెల నుంచి గుడి పని వద్దన్నారు. యువకులకి అవకాశమివ్వాలట.

ఆ కబురు విన్న రోజునే జ్యోత్స్న మార్కుల చీటీ తెచ్చింది. ఏసోబు గడప మీద కూర్చుని ఉన్నాడు. ఇరవై రెండేళ్ళు గంట తాడు లాగిన చేతులు ఏం చెయ్యాలో తెలియక మోకాళ్ళ మీద పడున్నాయి. పిల్ల చీటీ ఆ చేతుల్లో పెట్టింది. నలభై మూడు.

"ముప్పై అయిదు దాటింది కదమ్మా," అన్నాడు.

"ఆ. దరఖాస్తు పెట్టుకోవచ్చు." మేకుకున్న చొక్కా తీసి ఆయన పక్కన పెట్టింది. "ధ్యానానికి ఎంపికయ్యానని ఊరంతా చెప్పావుగా నాన్నా. ఇది కూడా చెప్పు."

ఏసోబు లేచాడు. చొక్కా వేసుకున్నాడు. కొల్లేటి గట్టు మీద వలలు ఆరబెట్టుకునే వాళ్ళ దగ్గర ఆగాడు, చెప్పాడు. గుడి ముందు రేవులో ఆగాడు, సిస్టర్ల కిటికీ తెరిచుందని చూసి మరికాస్త గట్టిగా చెప్పాడు. రొయ్యల షెడ్డు గుమ్మంలో నిలబడి లోపల ఐసు నీళ్ళలో చేతులు పెట్టుకున్న ఎలిజబెత్‌కి వినపడేలా కేకేశాడు. ఆఖరికి కిరాణా కొట్టు ముందు నిలబడ్డాడు.

"మా జ్యోత్స్నకి నలభై మూడండి!"

శ్రీరంగనాయకులు గారు త్రాసు దించి కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "వందకా?"

"వందకేనండి," అన్నాడు ఏసోబు.